రేపటి జ్ఞానం ఎవరి దగ్గర ఉంది?

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల ఇళ్ళలో కొరియా మాటలు వినబడటం ఇప్పుడు వింత కాదు. ఇషా నమాజు ముగిసి, భోజనాలు అయిన తర్వాత తల్లీకూతుళ్ళు, అక్కాచెల్లెళ్ళు సెల్‌ఫోను ముందు చేరి చూసే ధారావాహికలలో ఆ దేశపు చారిత్రక కథలు కూడా చేరాయి. కొన్ని తెలుగు మాటలతోనే వస్తున్నాయి. కొన్నింటిని తెర అడుగున కదిలే అక్షరాలు చదువుకొంటూ చూస్తున్నారు. ఈ పరిచయం నిన్న మొన్న మొదలైనదేమీ కాదు. 2006లోనే దూరదర్శన్ ‘ఎంపరర్ ఆఫ్ ద సీ’ని, ఆ తర్వాత రాజుగారి వంటశాల నుండి రాజవైద్యురాలి స్థానానికి ఎదిగిన ఒక స్త్రీ గాథ ‘జ్యూయెల్ ఇన్ ద ప్యాలెస్’ను ప్రసారం చేసింది. ఈ రెండవ ధారావాహిక ఇరాన్ దేశంలో సైతం విశేష ఆదరణ పొందింది. పెద్దల ముందు తల వంచే మర్యాద, ఒంటిని నిండుగా కప్పే దుస్తులు, అత్తాకోడళ్ళు ఒకే కప్పు కింద మెలిగే కుటుంబాలు మన ఇళ్ళకు దగ్గరగా తోచడం ఈ ఆదరణకు ఒక కారణం కావచ్చు.

ఇవన్నీ చూడవచ్చునా, చూడకూడదా అన్న చర్చను మేము ఇక్కడ ఎత్తుకోవడం లేదు. ఈ కథలలో మాటిమాటికీ ఎదురయ్యే ఒక పాత్రను గురించి మాత్రమే మాట్లాడదలచాము. అది రాజుగారి చెవిలో రేపటి ముచ్చట చెప్పే జోస్యుడి పాత్ర. సింహాసనం ఎవరికి దక్కుతుందో, ఏ రాణి కడుపు పండుతుందో, ఏ మంత్రి తల తెగుతుందో అతనికి ముందే తెలుసునని కోటలో అందరూ నమ్ముతారు. చూసే పిల్లలు కూడా మెల్లమెల్లగా నమ్మడం మొదలుపెడతారు. అందుకే అటువంటి ధారావాహిక ఒకదానిని మేము శ్రద్ధగా చూశాము. పక్కనే చరిత్రను పెట్టుకొని చూశాము. చూసిన మీదట మాకు కలిగిన అభిప్రాయం ఒక్కటే: జోస్యాన్ని గొప్ప చేసి చూపే ఈ కథలే, కాస్త నిదానించి చూస్తే, జోస్యం ఎంత డొల్లదో మనకు చెబుతాయి.

కథ ఒక దారి, చరిత్ర ఒక దారి

ఆ ధారావాహిక పేరు ‘కింగ్ మేకర్: ద చేంజ్ ఆఫ్ డెస్టినీ’. లీ బ్యోంగ్ జు అనే రచయిత నవల ఆధారంగా 2020లో టీవీ చోసన్ సంస్థ 21 భాగాలుగా దీనిని ప్రసారం చేసింది. ఉన్నత కుటుంబంలో పుట్టి, సర్వస్వం కోల్పోయి, దేశంలోకెల్లా పేరున్న జోస్యుడిగా మారిన చోయ్ చున్ జుంగ్ ఇందులో కథానాయకుడు. రాజు చోల్జోంగ్‌కు కూతురైన బోంగ్ రియోన్‌కు మనుషుల భవిష్యత్తు కళ్ళ ముందు కనబడుతుందట. ఆమె శక్తిని తమ రాజకీయానికి వాడుకోవాలని ఆంధోంగ్ కిమ్ వంశీయులు చూస్తారు. తరువాతి రాజు ఎవరన్న పందెంలో వీరందరూ పావులవుతారు.

ఇది కల్పన. కానీ నేపథ్యం మాత్రం నిజమైన చరిత్ర. 1392 నుండి 1910 వరకు కొరియాను చోసన్ రాజవంశం పాలించింది. పందొమ్మిదవ శతాబ్దం వచ్చేసరికి రాజు పేరుకే రాజు, అధికారమంతా ఆంధోంగ్ కిమ్ వంశానిది. 1849లో వారు గంగ్వా ద్వీపంలో వ్యవసాయం చేసుకొంటున్న ఒక యువకుడిని తెచ్చి సింహాసనంపై కూర్చోబెట్టారు. అతడే చోల్జోంగ్. చెప్పినట్టు వినే రాజు కావాలన్నదే ఆ ఎంపిక వెనుక ఉన్న ఉద్దేశం. ఆయనకు మగ సంతానం దక్కలేదు. 1864 జనవరిలో ఆయన మరణించాడు.

ఆ సమయంలో రంగం మీదికి వచ్చినవాడు లీ హా ఉంగ్. రాజకుటుంబంలో ఒక పేద శాఖకు చెందినవాడు. తన మీద అనుమానం రాకుండా ఏళ్ళ తరబడి పనికిమాలినవాడిలా, తాగుబోతుల వెంట తిరిగేవాడిలా కనిపించాడని చరిత్రలో ప్రతీతి. రాజకుటుంబంలో అందరికన్నా పెద్దదైన జో రాణి చేతిలో వారసుడిని ప్రకటించే హక్కు ఉన్నదని ఆయన గుర్తించాడు. కిమ్ వంశంపై ఆమెకున్న అసంతృప్తినీ గుర్తించాడు. ముందుగానే ఆమెతో పొత్తు కుదుర్చుకొన్నాడు. రాజు కన్నుమూయగానే రాణి ఆయన కొడుకును దత్తత తీసుకొని రాజుగా ప్రకటించింది. పదకొండేళ్ళ ఆ పిల్లవాడే గోజోంగ్. తండ్రి హుంగ్‌సోన్ దేవోన్‌గున్ అన్న బిరుదుతో పదేళ్ళు దేశాన్ని ఏలాడు.

ఇందులో నక్షత్రాల పని ఎంత? ఏమీ లేదు. ఉన్నదల్లా ఓపిక, మనుషులను చదవడం, చట్టంలో సందు ఎక్కడ ఉన్నదో ఎరగడం. గెలిచిన తర్వాత మాత్రం దానిని ‘రాసి పెట్టి ఉన్నది’ అనడం అందరికీ లాభం. రాజుకు లాభం, ఎందుకంటే అతని అధికారాన్ని ఇక ఎవరూ ప్రశ్నించరు. జోస్యుడికి లాభం, ఎందుకంటే అతని ధర పెరుగుతుంది.

తరువాత జరిగినది మరింత ఆలోచింపజేస్తుంది. రాణి పుట్టింటివారు మళ్ళీ పెత్తనం చేయకూడదని దేవోన్‌గున్ వెతికి వెతికి తండ్రి లేని ఒక పిల్లను 1866లో కోడలిగా తెచ్చుకొన్నాడు. ఆమే మిన్ రాణి. 1873లో మామను అధికారం నుండి దించడంలో ముందు నిలిచింది ఆమె వర్గమే. సింహాసనానికి దారి చూసుకొన్న మనిషి, తానే ఎంచుకొన్న కోడలిని చదవలేకపోయాడు. ఆ మిన్ రాణి 1882లో సైనికుల తిరుగుబాటు సమయంలో పారిపోయి తలదాచుకొన్నప్పుడు, తిరిగి కోటకు వెళతావని ఒక పూనకాల స్త్రీ జోస్యం చెప్పింది. అది జరిగింది. దానితో రాణి ఆమెను కోటకు రప్పించి ‘జిల్లియోంగ్‌గున్’ అన్న బిరుదు ఇచ్చింది. పదవులు కోరేవారు ఆమె గుమ్మం దగ్గర బారులు తీరారు. పదమూడేళ్ళ తర్వాత, 1895 అక్టోబరులో, జపాను వారు పంపిన హంతకులు కోటలో చొరబడి రాణిని చంపారు. అంతటి జోస్యురాలి కొలువు ఉన్నా ఆ తెల్లవారుజాము రాణిని రక్షించలేకపోయింది.

అరవై ఏళ్ళ చక్రం

కొరియా జోస్యుడు మనిషి పుట్టిన సంవత్సరం, నెల, రోజు, ఘడియ అన్న నాలుగింటిని నాలుగు స్తంభాలుగా తీసుకొంటాడు. ఒక్కొక్క దానికి రెండేసి చొప్పున ఎనిమిది అక్షరాలు రాసుకొని ఫలితం చెబుతాడు. దీనిని వారు ‘సాజు’ అంటారు. పెళ్ళి కుదిరినప్పుడు వరుడి సాజును కాగితంపై రాసి వధువు ఇంటికి పంపడం అక్కడి పాత ఆచారం. వారి సంవత్సరాలు అరవై ఏళ్ళకు ఒకసారి తిరిగి మొదటికి వస్తాయి. అరవయ్యవ పుట్టినరోజును పెద్ద పండుగగా జరుపుకొంటారు. ప్రభవ మొదలు అక్షయ వరకు అరవై పేర్లతో తిరిగే తెలుగు సంవత్సరాలు, షష్టిపూర్తి వేడుక ఎరిగినవారికి ఇది పరాయి లోకంగా తోచదు. సముద్రాల అవతల కూడా మనిషి రేపటి భయాన్ని ఇటువంటి లెక్కలతోనే సముదాయించుకొన్నాడు.

ఇరుగుపొరుగు సమాజాల ఆచారాలను వేలెత్తి చూపడం మా ఉద్దేశం కాదు. మన గడప లోపల ఏమున్నదో ముందు చూసుకొందాం. ఫాల్ తీయించడం, ఆమిల్ దగ్గరకు వెళ్ళి అమ్మాయి పేరు, ఆమె తల్లి పేరు చెప్పి అక్షరాల లెక్క వేయించడం, ఇంట్లో ఎవరు ఏమి చేశారో చూడమని అడగడం మన ఇళ్ళలో లేవా? సఫర్ నెల మొదటి పదమూడు రోజులను ‘తేరా తేజీ’ అని భయపడి, కోడిగుడ్లు, మినపపప్పు తలగడ దగ్గర పెట్టి మరునాడు దానమిచ్చే అలవాటు దక్కను ముస్లిం కుటుంబాలలో తరతరాలుగా వస్తున్నదే. దానం మంచిదే. నెలను అపశకునంగా భావించడం మాత్రం దైవప్రవక్త (స) స్పష్టంగా కాదన్న విషయం.

ఇద్దరు చక్రవర్తులు, ఏడు రొట్టెలు

దేవోన్‌గున్ గురించి కొరియాలో ఒక కథ ప్రచారంలో ఉంది. ఒక భూశకునకారుడు ఆయనకు ఒక స్థలం చూపించి, అక్కడ తండ్రి సమాధి ఉంచితే వంశంలో ఇద్దరు చక్రవర్తులు పుడతారని చెప్పాడట. ఆ స్థలంలో ఉన్న బౌద్ధాలయాన్ని తగులబెట్టించి మరీ 1840లలో ఆయన తండ్రి అవశేషాలను అక్కడికి మార్పించాడంటారు. చోసన్ పాలకులకు అప్పుడు రాజు అన్న పేరే తప్ప చక్రవర్తి అన్న బిరుదు లేదు. 1897లో గోజోంగ్ తనను చక్రవర్తిగా ప్రకటించుకొన్నాడు. 1907లో అతని కొడుకు సున్‌జోంగ్ రెండవ చక్రవర్తి అయ్యాడు. 1910లో జపాను దేశాన్ని కలుపుకొన్నది. ఇద్దరు చక్రవర్తులు అన్న లెక్క సరిపోయింది, దేశం పోయింది.

ఈ కథ విన్న మన పెద్దలకు వెంటనే మరొక కథ గుర్తుకు వస్తుంది. ఎల్గందుల, జగిత్యాల, నిర్మల్ ఖిల్లాల నీడలో పెరిగినవారికి అది తెలిసినదే. మొదటి ఆసిఫ్ జా దక్కను అధికారం చేపట్టక ముందు ఔరంగాబాదుకు చెందిన సూఫీ హజ్రత్ నిజాముద్దీన్‌ను దర్శించాడట. ఆకలితో ఉన్న ఆయనకు ఆ మహనీయుడు పసుపు గుడ్డలో కట్టిన కుల్చాలు పెట్టాడట. ఆయన ఏడు తిన్నాడు కనుక ఏడు తరాలు రాజ్యం చేస్తారని దీవించాడట. పసుపు పచ్చని ఆసిఫ్ జాహీ జెండా నడుమ ఉన్న గుండ్రని గుర్తు ఆ కుల్చాయేనని చెబుతారు. ఏడవ నిజాము ఉస్మాన్ అలీ ఖాన్‌తో 1948 సెప్టెంబరులో ఆ పాలన ముగిసింది.

రెండు కథలూ ఒకే అచ్చులో పోసినట్టు లేవా? రెండింటిలోనూ ఒక వంశం లేస్తుంది. రెండింటిలోనూ ఒక అంకె ఉంటుంది. రెండింటిలోనూ ఆ అంకె దగ్గరే వంశం ఆగిపోతుంది. ఇప్పుడు కాస్త లెక్కవేద్దాం. హైదరాబాదు సింహాసనంపై కూర్చొన్నవారు నిజానికి పదిమంది. మొదటి, రెండవ ఆసిఫ్ జాల మధ్య 1748 నుండి 1762 వరకు నాసిర్ జంగ్, ముజఫ్ఫర్ జంగ్, సలాబత్ జంగ్ పాలించారు. పాలకులను లెక్కిస్తే పది, ఆసిఫ్ జా బిరుదును లెక్కిస్తే ఏడు. ఏ లెక్క సరిపోతే దానిని ఎంచుకొనే స్వేచ్ఛ కథ చెప్పేవాడిది. రాజ్యం ముగిసిన తర్వాత వెనక్కి తిరిగి చెప్పుకొనే కథలో జోస్యం ఎన్నడూ తప్పదు.

ఆ సూఫీ మహనీయుని గౌరవానికి దీనితో నిమిత్తం లేదు. ఆకలిగొన్నవానికి రొట్టె పెట్టడం, మేలు కోరి దుఆ చేయడం సజ్జనుల లక్షణం. మేము కాదంటున్నది, చరిత్ర కారణాలను రొట్టెల్లో వెతకడాన్ని. ఒక రాజ్యం ఎందుకు పోయిందో తెలుసుకోవాలంటే భూమి ఎవరి చేతుల్లో ఉన్నదో, రైతు ఏ స్థితిలో ఉన్నాడో, పాలకులు ఏ నిర్ణయాలు తీసుకొన్నారో చూడాలి. ‘ఏడు తరాలే రాసి ఉంది’ అనుకొన్నచోట ఎవరూ పాఠం నేర్చుకోరు.

ముస్లిం రాజుల కొలువులు సైతం ఈ బలహీనతకు అతీతం కాలేదు. 762లో ఖలీఫా మన్సూర్ బాగ్దాదు నగరానికి పునాది వేయడానికి జ్యోతిష్కులు నౌబఖ్త్, మాషాఅల్లాహ్‌ల చేత ముహూర్తం పెట్టించాడు. ఆ శుభఘడియ 1258లో హులాగూ సేనలను ఆపలేదు. మరొకవైపు 838లో ఖలీఫా ముతసిమ్ అమ్మూరియా పట్టణంపై దండెత్తినప్పుడు, అత్తిపండ్లు, ద్రాక్ష పండే కాలం వరకు ఆ కోట పడదని జ్యోతిష్కులు చెప్పినట్లు చరిత్రకారులు రాశారు. ఆయన ఆ మాటను లెక్కచేయకుండా ముందుకు సాగాడు. కోట పడిపోయింది.

గ్రహణం రోజున

కొరియాదే మరొక ప్రసిద్ధ ధారావాహిక ‘క్వీన్ సోన్‌డోక్’. 2009లో 62 భాగాలుగా వచ్చింది. ఏడవ శతాబ్దంలో సిల్లా రాజ్యాన్ని పాలించిన రాణి కథ. ఇందులో మిషిల్ అనే స్త్రీ పంచాంగ జ్ఞానాన్ని తన గుప్పిట పెట్టుకొంటుంది. వాన ఎప్పుడు వస్తుందో, ఆకాశంలో ఏమి జరుగుతుందో లెక్కగట్టి, అది తన దివ్యశక్తి అని జనాన్ని నమ్మిస్తుంది. ఆమెను ఎదిరించే రాకుమార్తె కూడా ఒక సూర్యగ్రహణాన్నే ఆసరా చేసుకొని తన వారసత్వాన్ని ప్రకటించుకొంటుంది. ఆ తర్వాత ఆ జ్ఞానం అందరిదీ కావాలని నక్షత్రశాల కట్టిస్తుంది. గ్యోంగ్‌జు నగరంలో దాదాపు తొమ్మిది మీటర్ల ఎత్తున ఆ రాతి కట్టడం నేటికీ నిలిచి ఉంది.

గ్రహణం వంటి అవకాశం చేతికి వస్తే వదులుకొనే పాలకుడు ఉంటాడా? ఉన్నాడని మన చరిత్ర చెబుతుంది. క్రీ.శ. 632 జనవరిలో మదీనాలో దైవప్రవక్త (స) కుమారుడు, పసివాడు ఇబ్రాహీం మరణించాడు. ఆ రోజే సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త కుమారుని మరణానికి సూర్యుడే చీకటి అయ్యాడని జనం అనుకోసాగారు. ఎవరూ ఆయనను ఆ మాట చెప్పమని అడగలేదు. మౌనంగా ఉంటే చాలు, ఆ నమ్మకం దానంతట అదే పాతుకుపోయేది. కానీ దుఃఖంలో ఉన్న ఆ తండ్రి జనాన్ని సమావేశపరచి నమాజు చేయించి, సూర్యచంద్రులు దైవ సూచనలని, ఎవరి మరణానికీ ఎవరి జననానికీ వాటికి గ్రహణం పట్టదని స్పష్టం చేశారు. కోట కథలన్నింటినీ ఒకవైపు, ఈ ఒక్క సంఘటనను మరొకవైపు ఉంచి చూడమని పాఠకులను కోరుతున్నాము.

కోటలో శాపం, పల్లెలో బాణామతి

జోస్యం కేవలం కాలక్షేపమైతే ఇంత రాయవలసిన అవసరం లేదు. రేపటి రహస్యం ఒకరికి తెలుసునని నమ్మిన ఇంట్లో, రెండవ నమ్మకం కూడా వచ్చి కూర్చొంటుంది: మనకు జరిగిన కీడుకు ఎవరో రహస్యంగా కారకులు అయ్యారని. అక్కడి నుండి ఒక పేరు చెప్పడం ఎంతో దూరం కాదు.

కొరియా ధారావాహికలు పదేపదే చూపే జాంగ్ హీ బిన్ కథ ఇదే. 1701లో ఇన్‌హ్యోన్ రాణి జబ్బుపడి మరణించింది. ఒకప్పుడు రాణిగా ఉండి పదవి కోల్పోయిన జాంగ్, తన నివాసంలో పూనకాలవారి చేత పూజలు చేయించి రాణికి శాపం పెట్టించిందన్న అభియోగం వచ్చింది. రాజు సుక్‌జోంగ్ ఆమెకు విషం ఇప్పించాడు. ఆ కాలపు కోటలో రెండు రాజకీయ వర్గాల పోరు ఎంత తీవ్రంగా ఉన్నదో తెలిసినవారికి, ఆ అభియోగం ఎవరికి ఉపయోగపడిందో అర్థమవుతుంది.

ఇది మూడు వందల ఏళ్ళ నాటి పరాయి ముచ్చట అని తీసివేయలేము. బాణామతి, చేతబడి అన్న మాటలు మన పల్లెలకు కొత్తవి కావు. 2022 జనవరిలో జగిత్యాల పట్టణంలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఒక తండ్రిని, ఆయన ఇద్దరు కుమారులను, సమావేశం జరుగుతుండగానే కత్తులతో దాడి చేసి చంపారు. ఇటువంటి వార్తలు చదివినప్పుడల్లా మనం నిట్టూర్చి పేజీ తిప్పేస్తాము. కానీ జ్వరం తగ్గని బిడ్డను ఒక ఆమిల్ దగ్గరకు తీసుకుపోయినప్పుడు, ‘మీ దగ్గరివారే చేయించారు’ అన్న ఒక్క మాట అతని నోటి నుండి వెలువడితే? ఆ రాత్రి నుండి ఆ ఇంట్లో వదిన మీద, తోడికోడలి మీద, గోడ అవతలి విధవరాలి మీద చూపు మారిపోతుంది. చేసినవారి పేరు చెప్పలేదు కదా అని అతడు చేతులు దులుపుకొంటాడు. పేరు మనమే పెట్టుకొంటాము.

ఆదిలాబాద్ నుండి పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. ఆ రాష్ట్రంలో మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా ఏళ్ళ తరబడి పనిచేసిన డాక్టర్ నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. ఆయన కోరుతూ వచ్చిన చట్టం ఆ ఏడాదే అమలులోకి వచ్చింది. అతీత శక్తుల పేరిట మోసగించడం, మంత్రగాడని ముద్రవేసి హింసించడం అక్కడ నేరాలు. చట్టం అవసరమే. అయితే చట్టం వచ్చేది నేరం జరిగిన తర్వాత. అనుమానం పుట్టేది అంతకు ముందే, మన వంటింట్లో, మన చాప మీద.

జిన్నులు తమ అధీనంలో ఉన్నాయని, వాటి ద్వారా రహస్యాలు తెలుస్తాయని చెప్పుకొనేవారికి దివ్య ఖుర్‌ఆన్‌లోని ఒక రాజసభ గాథ చాలు. హజ్రత్ సులైమాన్ (అ) చేతికర్రపై ఆనుకొని ఉండగానే మరణించారు. జిన్నులు మాత్రం ఆయన బతికే ఉన్నారనుకొని బరువు పనులు చేస్తూనే పోయాయి. పురుగు కర్రను తొలిచి ఆయన దేహం నేలకు ఒరిగే వరకు వాటికి సంగతి తెలియలేదు. సబా సూరా 14వ ఆయతు ఈ విషయాన్ని తెలియజేస్తూ, అగోచర జ్ఞానం వాటికి లేదని రుజువు చేస్తుంది. కళ్ళ ముందున్న రాజు మరణించిన సంగతే ఎరుగని జిన్ను, మీ ఇంటి పెళ్ళి సంగతి ఎలా చెబుతుంది?

మన ప్రాంతం అడిగే ఐదు ప్రశ్నలు

లుఖ్మాన్ సూరా చివరి ఆయతు ఐదు విషయాల జ్ఞానం అల్లాహ్ వద్దనే ఉన్నదని తెలుపుతుంది. ప్రళయ ఘడియ, వర్షం, గర్భాలలో ఉన్నది, మనిషి రేపు సంపాదించేది, అతడు మరణించే నేల. ఈ ఐదింటిలో మొదటిదానిని వదిలివేస్తే, మిగిలిన నాలుగూ మన జిల్లాల ప్రజలు జోస్యుడి ముందు కూర్చొని అడిగే ప్రశ్నలే కావడం మమ్మల్ని ఆశ్చర్యపరచింది.

వాన ఎప్పుడు పడుతుంది? ఆదిలాబాద్ నల్లరేగడిలో పత్తి గింజ వేసిన రైతు ఆకాశం వైపు చూస్తూ అడిగే ప్రశ్న ఇది. మొలక రాకుండా వాన ఆగిపోతే మళ్ళీ విత్తనం కొనాలి, మళ్ళీ అప్పు చేయాలి. కడుపులో ఎవరు? ఆడపిల్లలు ఇద్దరున్న ఇంట్లో అత్తగారు గుట్టుగా అడిగే ప్రశ్న. రేపటి సంపాదన ఏమిటి? వీసా కోసం ఏజెంటుకు డబ్బు కట్టి ఎదురుచూస్తున్న యువకుడి ప్రశ్న. ఏ నేల మీద చావు? ఈ ప్రశ్నను ఎవరూ పైకి అడగరు. కానీ దుబాయికో, సౌదీకో భర్తను పంపిన ఇల్లాలి గుండెలో అది ఉంటుంది. గల్ఫ్ నుండి శవపేటికలు వచ్చిన ఊళ్ళు కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ ప్రాంతాలలో ఎన్నో ఉన్నాయి.

ఈ ప్రశ్నలు అడిగేవారిని మేము వెక్కిరించము. వారి భయం నిజమైనది. దానిని సొమ్ము చేసుకొనేవారి మాట మాత్రమే అబద్ధం. అలాగని తెలుసుకోవడం మానుకోమని ధర్మం చెప్పలేదు. చోసన్ కొలువునే చూడండి. జోస్యాలు నమ్మిన ఆ రాజ్యమే 1441లో, సేజోంగ్ రాజు కాలంలో, వాన నీటిని కొలిచే పాత్రను తయారుచేసి ఊరూరా లెక్కలు రాయించింది. ఆ కొలువులో జోస్యుల మాటలు కథలుగా మిగిలాయి. వాన లెక్కలు జ్ఞానంగా మిగిలాయి. వాతావరణ శాఖ మేఘాలను చూసి అంచనా చెబుతుంది. అది తప్పవచ్చునని కూడా చెబుతుంది. వైద్యుడు ఉన్నదానిని పరీక్షించి చెబుతాడు. జోస్యుడు ఆధారం చూపడు, తప్పు ఒప్పుకోడు. తేడా అక్కడే ఉంది.

‘కానీ కొన్నిసార్లు వారు చెప్పింది జరుగుతున్నది కదా’ అని అడిగేవారు ఉన్నారు. సరిగ్గా ఇదే ప్రశ్నను సహచరులు దైవప్రవక్త (స) ముందు ఉంచారు. దొంగచాటుగా దొరికిన ఒక్క నిజానికి వారు వంద అబద్ధాలు కలుపుతారన్నది ఆయన సమాధానపు సారాంశం. బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఈ హదీసు ఉంది. జోస్యుని దగ్గరకు వెళ్ళి అడిగినవాని నలభై రోజుల నమాజు స్వీకృతం కాదన్న హెచ్చరిక కూడా ముస్లిం గ్రంథంలో ఉంది.

బాణాలతో శకునం చూసే అరబ్బుల అలవాటును ఖుర్‌ఆన్ నిషేధించింది. దానికి బదులుగా ఇస్తిఖారా అనే దుఆను దైవప్రవక్త (స) ఖుర్‌ఆన్ సూరా నేర్పినంత శ్రద్ధగా నేర్పారు. రెండు రకాతుల నమాజు చేసి, ఈ పని నాకు మేలైతే సులభం చేయి, కీడైతే నన్ను దీని నుండి తప్పించు అని వేడుకోవడమే ఇస్తిఖారా. ఇందులో రేపటిని చూపించమన్న కోరిక లేదు. ఎవరో ఒకరికి డబ్బిచ్చి మన తరఫున కలగనమనడం అంతకన్నా లేదు. తెలిసినవారితో సంప్రదించాలి, విచారించాలి, దుఆ చేయాలి, అడుగు వేయాలి. వీసా నిజమైనదా కాదా అన్నది లైసెన్సు ఉన్న ఏజెంటా కాదా అని ఆరా తీస్తే తెలుస్తుంది. సంబంధం మంచిదా కాదా అన్నది అబ్బాయి పనిచేసే చోట, అతని మొహల్లాలో అడిగితే తెలుస్తుంది.

ఆ ఒక్క మాట

ఇక పిల్లలు చూసే ధారావాహికల సంగతి. ఫోను లాక్కోవడం తేలిక. కానీ అది ప్రశ్నకు జవాబు కాదు. ఈ విషయంలో మాకు ఒక పెళ్ళింటి హదీసు దారి చూపింది. రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (ర) పెళ్ళి సందర్భంగా కొందరు అమ్మాయిలు దఫ్ వాయిస్తూ బద్ర్ యుద్ధ వీరులను తలచుకొంటూ పాడుతున్నారు. దైవప్రవక్త (స) అక్కడే కూర్చొని ఉన్నారు. ఆయనను చూసి ఒక అమ్మాయి, రేపటి సంగతి ఎరిగిన ప్రవక్త మన మధ్య ఉన్నారన్న అర్థంలో ఒక మాట కలిపింది. ఆయన పాటను ఆపలేదు. ఆ అమ్మాయిని కసురుకోలేదు. ఆ ఒక్క మాటను వదిలిపెట్టి, అంతకు ముందు పాడుతున్నది పాడుకోమన్నారు. రేపటి జ్ఞానాన్ని తనకు అంటగట్టిన పొగడ్తను కూడా ఆయన ఒప్పుకోలేదు.

తల్లిదండ్రులు చేయవలసినది కూడా ఇదేనని మేము భావిస్తున్నాము. పిల్లల పక్కన కూర్చోండి. కథలో జోస్యుడు నోరు విప్పినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఇతడు చెప్పినదానివల్ల లాభం ఎవరికి? ఇతడు చెప్పకపోయినా ఈ పని జరిగేదా? ఇతని మాట నమ్మినందువల్ల ఎవరికి అన్యాయం జరిగింది? పిల్లలు మనకన్నా చురుకైనవారు. రెండు మూడు భాగాలు గడిచేసరికి వారే కోటలోని దారాలు ఎవరి చేతిలో ఉన్నాయో పట్టేస్తారు. కోటను పట్టిన చూపు, రేపు తమ ఇంటి గుమ్మం ముందుకు వచ్చే తావీజు బేరాన్ని కూడా పడుతుంది. పక్కింటి ఆవిడ మీద ఎవరైనా ‘మంత్రాలు చేస్తుందట’ అన్న మాట తెచ్చినప్పుడు, మా ఇంట్లో ఆ మాట అనవద్దు అని చెప్పగల ధైర్యం కూడా ఆ చూపు నుండే వస్తుంది.

రేపు ఏమవుతుందో మనకు తెలియదు. దేవోన్‌గున్‌కూ తెలియలేదు, మిన్ రాణికీ తెలియలేదు, గోల్కొండ కోటల వారికీ, ఎల్గందుల ఖిల్లా వారికీ తెలియలేదు. తెలియకపోవడం మనిషికి లోపం కాదు. రేపటి కోసం విత్తనం దాచుకోవడం, బిడ్డను చదివించడం, పొరుగువారిని అనుమానించకుండా ఉండటం, నమాజులో నిలిచి అల్లాహ్‌ను వేడుకోవడం మన చేతిలో ఉన్న పనులు. వాటికి ఏ ముహూర్తమూ అక్కరలేదు.